గోదారి ఒడ్డున ఫట్‌ఫటీల జట్టు

పోలీసు యాక్షన్ అయినంక కరీంనగర్ల ఫట్‌ఫటీలు, అంటే మోటరుసైకిళ్లు, ఉన్నోళ్లం పదిమందిమి ఒక జట్టు కట్టినం. ఏటా దసరా దాటినంక లక్సెట్టిపేటకు ఎదురుగ గోదారి ఒడ్డుకు పోయి, వండుకొని తినేది. మొదట్ల దారి పొడుగునా పందెమే. ముందు చేరినోనికి కూరల మంచి ముక్కలు.

పిల్లలు పుట్టినంక పందెం బందయింది. వెనుక సీట్ల మీద భార్యలు, పెట్రోలు టాంకి మీద పిల్లలు. ఇంకొన్నేండ్లకు ముచ్చట్లన్నీ బదిలీలు, నడుము నొప్పులే. వచ్చేటోళ్లు గూడ తగ్గుకుంట పోయిండ్రు.

చివరి ఏడు నేను బస్సుల పోయిన. కిక్కు కొట్టే బలం మోకాలికి లేకుండె. సిగ్గుపడుకుంట ఒడ్డు దిగితే, ఒకప్పుడు మా జట్టుల అందరికంటె జోరుగ బండి నడిపిన కంపౌండరు ఒక్కడే ఇసుకల కూసున్నడు.

"బండేదిరా?" అన్న.

"పొద్దుగాల బస్సుకు వచ్చిన. నీకెట్ల చెప్పాల్నని పరేషానైతున్న."

నేను గూడ బస్సుకే వచ్చిన్నని చెప్తె ఇద్దరం నవ్వినం గని, ఆ నవ్వు ఎక్కువసేపు నిలువలే. పొయ్యి పెట్టే ఓపిక ఎవ్వరికీ లేదు. ఆయన భార్య కట్టిచ్చిన జొన్నరొట్టెలు పంచుకొని తిన్నం.

"వచ్చేయేడు రాకుంటె ఏమనుకోకు" అన్నడు.

"నేను గూడ రాను."

గా మాట అన్నంక బరువు దిగినట్టు పానం అల్కగైంది. తువ్వాలలు పరుచుకొని ఇద్దరం జరసేపు పండుకున్నం.