పడవెక్కని నూనె సీసా

నా చిన్నప్పుడు మా ఇంట్లో దేవుడికంటే ఎక్కువగా ఒక కొబ్బరినూనె సీసాకి భయపడేవాళ్లం. ఈ మాట మా మామ్మ వింటే ఒప్పుకునేది కాదు గానీ, అది నిజం. కళింగపట్నంలో మా పేట మొత్తానికి ప్రభువును నమ్ముకున్న ఇళ్లు రెండో మూడో. వాటిలో మొదటిది మాదేనని మామ్మకు గొప్ప. పాస్టరుగారు ప్రార్థన చేసి ఇచ్చిన నూనెను చిన్న సీసాలో పోసి, మూతకు గుడ్డ చుట్టి, నాన్న వేటకు వెళ్లే ప్రతిసారీ పడవ ముందు భాగాన తన చేత్తోనే కట్టేది. వల మరిచిపోయినా ఊరుకునేదేమో గానీ, సీసా మరిచిపోతే ఊరుకునేది కాదు.

ఒకరోజు మామ్మకు జ్వరం వచ్చింది. ఆవిణ్ని లేపడం ఇష్టం లేక నాన్న తెల్లవారకముందే చడీచప్పుడు లేకుండా వెళ్లిపోయాడు. పొద్దెక్కాక ఆవిడ లేచి చూస్తే సీసా గూట్లోనే ఉంది. అప్పటికే గాలి తిరిగింది, సముద్రం రంగు మారింది. ఇక మామ్మ కాలుగాలిన పిల్లిలా ఇంట్లోకి, ఒడ్డుకి, మళ్లీ ఇంట్లోకి తిరుగుతూనే ఉంది. వెనకాలే నేను. ప్రార్థన చేద్దాం రమ్మని అమ్మ పిలిస్తే, "సీసా ఇక్కడుంటే పేర్ధనేటి సేస్తామే!" అని కసిరింది. నాన్న ప్రాణం ఆ సీసాలోనే ఉందని నేనూ నమ్మేశాను.

చివరికి ఒడ్డున పక్కింటి బాబాయిని పట్టుకుంది. అతనికి పెళ్లయి పట్టుమని నెల కాలేదు. "ఒరే, తెప్పేసుకొని ఎల్లి ఇది మావోడికిచ్చి రారా, నీకు పున్నెవుంటాది" అని బతిమాలింది. పెద్దావిడ మాట కాదనలేక అతను తెప్పను నీళ్లలోకి తోయసాగాడు. అంతలో అతని తల్లి పరుగున వచ్చి తెప్ప పట్టుకుంది. ఆవిడ మా గుడి గడప ఎరగని మనిషి.

"సీసా లేకపోతే మీ దేవుడికి నీ కొడుకు కనబడడేటి అప్పా? దానికోసం నా కొడుకుని పంపుతావా?" అంది. కోపం కంటే ఏడుపే ఎక్కువుంది ఆ గొంతులో.

మామ్మ బాబాయి చేతిలోంచి సీసా వెనక్కి తీసుకుంది. "ఆగరా బాబూ, నువ్వెల్లకు" అని ఇసుకలో కూలబడిపోయింది. నన్ను దగ్గరకు లాక్కుని, మూత తీసి, ఆ నూనెంతా నా నెత్తిన పోసి రాయడం మొదలుపెట్టింది. నాకు భయంతో ఏడుపొచ్చేసింది.

"మామ్మా, ఇప్పుడు మా అయ్య ఎలాగొస్తాడు?"

"దేవుడు తెస్తాడే."

"తేకపోతే?"

ఆవిడ ఖాళీ సీసాను ఇసుకలో పడేసింది. "తేకపోయినా ఆయనే దేవుడు. ఇన్నాళ్లూ దీన్ని మొక్కుతూ ఆయన్ని మొక్కుతన్నాననుకున్నాను" అని తనూ ఏడ్చింది.

ఆ సాయంత్రం నాన్న వంశధార సముద్రంలో కలిసే చోట ఒడ్డుకు చేరి, చిరిగిన వలతో ఇంటికి నడిచొచ్చాడు. ఆదివారం గుడిలో మామ్మను సాక్ష్యం చెప్పమంటే, కొడుకు బతికొచ్చాడని చెబుతుందని అందరూ చూశారు. మామ్మ మాత్రం పొరుగింటి కొడుకును చావుకు పంపబోయిన సంగతి చెప్పి కూర్చుంది.

ఆనాటి మామ్మ వయసు నేనెప్పుడో దాటేశాను. పిల్లల కాపురాలు, మనవల చదువులు, నా ఆరోగ్యం. మోకరించగానే కోరికలన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ వస్తాయి. అడిగే ముందు నన్ను నేనే ప్రశ్నించుకుంటాను: ఇది ఇవ్వకపోయినా ఆయన నాకు దేవుడేనా? కొన్నిసార్లు జవాబు వెంటనే రాదు. వచ్చేదాకా మోకాళ్ల మీంచి లేవను.