గోపాల్‌పేటలో దిగకుండా

మా అత్తమ్మ పోయి రెండు నెలలైంది. ఆ పొద్దున మగ్గం గుంతలోంచి లేచి, చెంబెడు నీళ్లు తాగి, "జర నడుం వాలుస్త పిల్లా" అని మంచం మీద ఒరిగింది. నేను టీ తెచ్చేసరికి లేదు. డెబ్బై దాటిన మనిషికి ఇంతకన్నా నెమ్మదైన చావు రాదని చూడవచ్చినవాళ్లంతా అన్నారు. నిజమే కావచ్చు. నాకు మాత్రం ఆ టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చాలాసేపు అట్లాగే పట్టుకొని నిలబడటమే గుర్తుంది.

మొదటి ఫోను పెబ్బేరులో ఉన్న మా ఆడబిడ్డకు చేశాం. గద్వాలకు గంట ప్రయాణం. ఆమె వచ్చేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. ఆ రోజు అక్కడ పశువుల సంత. ఆమె భర్త సంతలో ఉండి ఫోను ఎత్తలేదు. తోలుకొచ్చేవాళ్లు లేక సంచి ఒళ్లో పెట్టుకొని గడపలోనే కూర్చుందట. శవాన్ని ఎత్తకుండా మేం ఆపాం కాబట్టి సరిపోయింది, లేకపోతే తల్లి ముఖం చూసేది కాదు.

ఈ తోలుకపోవడం, అంటే వెంటబెట్టుకొని తీసుకుపోవడం గురించి కొంచెం చెప్పాలి. మా ఇళ్లలో ఆడవాళ్లు తమంతట తాము ఊరికి పోరు. ఎవరో ఒకరు తోలుకపోతే పోతారు, మళ్లీ తోలుకొస్తే వస్తారు. పుట్టింటికి అన్న వచ్చి తోలుకపోవాలి, అత్తింటికి భర్తో మరిదో తోలుకురావాలి. ఎవరూ కాళ్లు కట్టేయరు. అందరూ మంచివాళ్లే, అందరికీ ప్రేమే. పందొమ్మిదేళ్లప్పుడు గోపాల్‌పేట నుంచి గద్వాలకు కోడలిగా వచ్చిన నేను, నలభై మూడేళ్లు వచ్చేదాకా ఒక్కదాన్నే బస్సెక్కలేదు. అది నాకెప్పుడూ వింతగా కూడా అనిపించలేదు.

అత్తమ్మతో నా జీవితం ఎక్కువగా మగ్గం దగ్గరే గడిచింది. గద్వాల చీరకు ఒళ్లు నూలు, అంచు పట్టు. పోగును అటూ ఇటూ తీసుకుపోయే నాడె నూలుకు వేరు, పట్టుకు వేరు. ప్రతి వరుసలో రెండు పోగులూ ఒకదాన్నొకటి పట్టుకోవాలి. అందుకే మా మగ్గం మీద ఇద్దరు కూర్చుంటారు. మామయ్య పోయాక ఆయన చోట్లో నేను కూర్చున్నాను. నేను తొందరపడితే అంచు గుంజుకుపోయేది. అత్తమ్మ తిట్టేది కాదు, నాడె ఆపి నా వైపు చూసేది. ఆ చూపుకన్నా తిట్లే నయం. "ఇంక ఎంతున్నదని చూడకు పిల్లా. చేతిల ఉన్న పోగు చూడు," అనేది.

నాలుగేళ్ల కిందట నాకు షుగర్ వచ్చింది. దవాఖానలో డాక్టరమ్మ రోజూ నడవమంది. తెల్లవారుజామున కోట దాకా నడిచేదాన్ని. నడక ఎప్పుడు పరుగైందో నేనే గమనించలేదు, కొన్నాళ్లకు నడిస్తే విసుగు పుట్టేది. మొదట్లో చీరతోనే పరుగెత్తాను. ఒకరోజు అత్తమ్మ నన్ను ఆపి, అంచు పట్టుకొని చూసి, "ఇది నేసినోళ్ల కడుపు కాలుతది పిల్లా. డ్రెస్సు ఏసుకో," అంది. జాలంతా చీర మీదే, నా మీద కాదు. కానీ ఇంటి పెద్దావిడే ఆ మాట అన్నాక వాడకట్టులో ఎవరూ నోరెత్తలేదు.

నేను తిరిగొచ్చేసరికి మగ్గం చప్పుడు సందు మొదట్లోనే వినబడేది. లోపలికి రాగానే తలెత్తకుండా ఒకటే అడిగేది: "యాడిదాంక పోయినవు?" ఎందుకు పోయావని నాలుగేళ్లలో ఒక్కసారీ అడగలేదు.

ఈ చలికాలం మొదట్లో నాగర్‌కర్నూల్‌లో హాఫ్ మారథాన్ ఉందని ఫోనులో చూశాను. అన్నం తినేటప్పుడు ఇంట్లో చెప్పాను.

"ఎంత దూరం ఉరకాలె?" అంది అత్తమ్మ.

"ఇరవై ఒక్క కిలోమీటర్లు."

"అంటె దగ్గర దగ్గర ఎర్రవల్లి చౌరస్తా దాంక. బస్సుల పోతెనే నాకు నడుం నొస్తది."

మా ఆయన మంచి మనిషి. "పేరు రాయించుకో. నేను తోలుకపోత," అన్నాడు వెంటనే. అత్తమ్మ ముద్ద ఆపింది. "నువ్వెందుకు? ఉరికేది అదా, నువ్వా? ఒక్కతే పోతది," అంది. ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

మర్నాడు మగ్గం మీద తన సంగతి నాతో చెప్పింది. అదే మొదటిసారి, అదే చివరిసారి.

"నాకప్పుడు ఇరవై రెండేండ్లు. మా నాయిన పోయిండని మా తల్లిగారూరు అయిజకెంచి పొద్దుగాల్నే కబురొచ్చింది. మీ మామ చీరలు పట్టుకొని కర్నూలు పోయిండు. సంచి సదురుకొని గడపల కూసున్న. అయిజ బస్సు గీ ముంగటికెంచే పోతది. ఒకటి పాయె, రెండు పాయె, మూడోది గూడ పాయె. ఎక్కితె ఎవరన్న కొడ్తరా? కొట్టరు. నేను ఎక్కొచ్చని నాకు తెల్వదు, గంతే. మాపటికి మీ చిన్నమామ వచ్చి తోలుకపోయిండు. అప్పటికి అంత అయిపోయింది. మా నాయిన మొకం సూడలే."

నాడె విసిరి, మళ్లీ ఆపింది. "మగ్గం మీద ఇద్దరం గావాలె. ఉరుకుడు ఒక్కదానివే గద. పో. కని గోపాల్‌పేటల మాత్రం దిగకు. దిగితివా, మీ అన్న కడుపు నిండ అన్నం వెట్టి, పండవెట్టి, పొద్దుగాల్ల మల్ల గద్వాలకే తోలుకొస్తడు."

వనపర్తి నుంచి నాగర్‌కర్నూల్ పోయే బస్సు మా పుట్టినూరు మీదుగానే పోతుంది. ఆమె అన్నీ ఆలోచించింది. తను వెళ్లిపోయే సంగతి తప్ప.

పోటీ ఇంకా మూడు వారాలుందనగా అత్తమ్మ పోయింది. పదకొండో రోజు అయ్యాక మా ఆడబిడ్డ అడిగింది: "అమ్మ పోయి నెల గాలె, ఉరుకనీకి పోతవా వదినె? నలుగురు ఏమంటరు?" ఆమెది కోపం కాదు, దుఃఖం. నాకూ పోబుద్ధి కాలేదు. ఇంట్లో చావైతే ఏడాది పండుగలే చేసుకోం, ఇదేం సంబరమని మనసు వెనక్కి లాగింది. మానుకుందామనే అనుకున్నాను.

ఆడబిడ్డ వాళ్లు వెళ్లిపోయాక మగ్గం దగ్గర కూర్చున్నాను. చీర సగంలో ఆగి ఉంది. అలవాటు కొద్దీ నా నాడె విసిరాను. అవతల అందుకునే చేయి లేదు. అప్పుడు వెక్కి వెక్కి ఏడ్చాను. ఒక్కదాన్ని చేయలేని పని ముందు అట్లా కూర్చున్నాకే, ఒక్కదాన్నే చేయమని ఆమె చెప్పిన పని గట్టిగా గుర్తొచ్చింది. శనివారం పోతున్నానని మా ఆయనకు చెప్పాను. "నేను రానా?" అన్నాడు. వద్దన్నాను. "ఫోనన్న చెయ్యి మరి," అన్నాడు.

వనపర్తిలో బస్సు మారేటప్పుడు ఒకే బోర్డును మూడుసార్లు చదివాను. పక్కన నిలబడ్డ ఆమెను కూడా అడిగాను, మళ్లీ కండక్టర్‌నీ అడిగాను. గోపాల్‌పేట వస్తుండగా కొంగులేని డ్రెస్సులో ముఖం ఎట్లా దాచుకోవాలో తెలియక చున్నీ నెత్తిన కప్పుకొన్నాను. లాభం లేకపోయింది. మా అన్న ఎరువుల దుకాణం బస్సు ఆగే చోటే ఉంది. కిటికీలోంచి నన్ను చూసి ఉరికొచ్చాడు.

"ఏందే, ఒక్కదానివే? బావ ఏడి? దిగు, దిగు!" కిటికీలోంచి చేయి పెట్టి నా సంచి పట్టుకున్నాడు.

"దిగనన్నా. నాగర్‌కర్నూల్ పోతున్న."

"దవాఖానకా? షుగర్ ఎక్కువైందా? ఆగు, నేనొస్త."

"దవాఖానకు కాదు. రేపు పొద్దుగాల పరుగు పందెం ఉంది. నేను గూడ ఉరుకుతున్న."

అన్న నోరు తెరిచాడు. సంచి వదల్లేదు. "అమ్మా, దిగుతవా దిగవా?" అని అరిచాడు కండక్టర్. దిగను అన్నాను. ఆ మాట నా గొంతులోంచి అంత గట్టిగా వస్తుందని నాకు తెలియదు. బస్సు కదిలింది, అన్న సంచి వదిలాడు. ఊరు దాటేలోపే మా ఆయనకు ఫోను చేసి, "మీరిద్దరు కొట్లాడిన్రా?" అని అడిగాడట.

గోపాల్‌పేట దాటాక రోడ్డు నాకు కొత్త. పుట్టి పెరిగిన ఊరికి అవతల ఏముందో నలభై మూడేళ్లకు చూస్తున్నాను. ఉన్నవి వేరుశనగ చేలే. అయినా నాగర్‌కర్నూల్ దాకా కళ్లార్పకుండా చూశాను.

ఆ రాత్రి పోటీవాళ్లు ఆడవాళ్లకు చూపిన బడి గదిలో పడుకున్నాను. మర్నాడు తెల్లవారి పరుగు మొదలైంది. చుట్టూ నా పిల్లల వయసు వాళ్లే, మెరిసే బూట్లు. వాళ్ల ఊపులో పడి మొదట నేనూ ఉరికాను. మూడో కిలోమీటరుకే డొక్కలో పోటు. తొందరపడితే అంచు గుంజుకుపోతుందని అప్పుడు గుర్తొచ్చి నెమ్మదించాను. పదహారు దాటాక కాళ్లు నావి కాకుండా పోయాయి. చేనుకు పోతున్న ఒక అవ్వ ఆగి, "ఎవరన్న ఎంబడి వడ్డరా బిడ్డా?" అని అడిగింది.

"లేదవ్వా, ఊకెనే ఉరుకుతున్న."

"ఊకెనేనా!" అని అవ్వ నెత్తిన చేయి పెట్టుకుంది. నాకొచ్చిన నవ్వుతో ఒక కిలోమీటరు గడిచింది. మిగతాది ఏడుస్తూ, నడుస్తూ, ఉరుకుతూ పూర్తి చేశాను. చివరి నుంచి నాలుగోదాన్ని. షామియానాలు విప్పుతున్న మనిషి పని ఆపి చప్పట్లు కొట్టాడు.

మెడలో మెడల్‌తో మా ఆయనకు ఫోను చేశాను. "యాడిదాంక పోయినవు?" అన్నాడు. అచ్చం వాళ్లమ్మ అడిగినట్టే. మొత్తం దాంక అని చెప్పాను. తిరుగు ప్రయాణంలో గోపాల్‌పేటలో నా అంతట నేనే దిగి, అన్న ఇంట్లో కడుపునిండా తిని, మళ్లీ నా అంతట నేనే బస్సెక్కాను. తోలుకొస్తానన్న అన్న, ఈసారి బస్సు దాకా మాత్రమే వచ్చాడు.

పోయిన వారం మా ఆడబిడ్డ ఫోను చేసింది.

"నిజంగ ఒక్కదానివే పోయొచ్చినవా వదినె? భయం గాలేదా?"

"అయింది."

ఆమె ఒక్కసారిగా ఏడ్చింది. "అమ్మ పోయిన్నాడు మా ఇంటి ముంగటికెంచే మూడు బస్సులు పోయినయి. చూసుకుంట కూసున్న."

వాళ్లమ్మ కథ ఆమెకు తెలియదు. ఫోనులో చెప్పే కథ కాదు. "ఇంటికి రా, నీకొక మాట చెప్పాలె," అన్నాను.

"ఆదివారం ఆయన తోలుకొస్తడట."

"ఆదివారం దాంక ఎందుకు? రేపే రా. ఒక్కదానివే రా."

"బస్టాండుకు వస్తవా మరి?" అంది.

"రాను," అన్నాను.

అబద్ధమే చెప్పాను. మర్నాడు పొద్దున గద్వాల బస్టాండులో చెరుకురసం బండి చాటున నిలబడ్డాను. బస్సు వచ్చింది. అందరూ దిగాక చివరికి దిగింది. సంచి గుండెలకు పట్టుకొని అటూ ఇటూ చూసింది. ఎవరూ లేరు. ఆటో అతను పిలిస్తే వద్దని తల ఊపింది. ఇంకాసేపు అక్కడే నిలబడింది. నాకు కాళ్లు ఆగలేదు, అయినా పిలవలేదు. తర్వాత సంచి భుజానికి తగిలించుకొని, కొంగు నడుముకు చుట్టి, రోడ్డు దాటి మా ఇంటి వైపు నడవడం మొదలుపెట్టింది. ఆమె మూల తిరిగేదాకా చూసి, ఆమెకన్నా ముందే ఇల్లు చేరి ఏమీ తెలియనట్టు తలుపు తీయాలని, వెనక సందులోంచి పరుగందుకున్నాను.