చివరి కాగితం మీద ఇంకా చోటుంది

ఈ నవల నా తర్వాత తీసుకునేవారికి,

పుస్తకాల మీద రాయకూడదని అంగలకుదురు బడిలో రోజూ పిల్లలకు చెప్పే పంతులమ్మను నేనే. అయినా ఈ సాయంత్రం రాస్తున్నాను. గదిలో చెప్పుకోవడానికి వేరే ఎవరూ లేరు.

తెల్లగా పుట్టలేదని కుమిలిపోయే పరదేశపు నల్లపిల్ల కథ ఇది. చదివినవాళ్ళు ఈ చివరి కాగితం మీదే పోట్లాడుకున్నారు, పైన చూశారుగా. ‘ఏడుపుగొట్టు నవల, తీసుకోవద్దు’ అని ఒకరు. ‘మా చెల్లి గుర్తొచ్చింది, మూడుసార్లు చదివాను’ అని ఇంకొకరు. ‘ఈ బాధ ఆ దేశంలోదే, మన తెనాలిలో ఎక్కడుంది?’ అని ఎర్రసిరాతో ఒకాయన.

ఇవాళ తిరిగి ఇచ్చేద్దామని లైబ్రరీకి వెళ్ళాను. లైబ్రేరియన్ గారు మంచాయన. అట్ట చూసి, నా మొహం చూసి, గొంతు తగ్గించారు.

“ఇలాంటివి ఎందుకు చదువుతారమ్మా? మనసు పాడుచేసుకోకండి. మీరు మరీ అంత నలుపేం కాదండి, చామనఛాయే.”

నేను నా రంగు మాటే ఎత్తలేదు. “సరేనండి” అన్నాను. నవ్వాను కూడా. పుస్తకం ఇవ్వకుండానే వచ్చేశాను.

ఎర్రసిరా బాబుగారూ, మీరు అడిగింది లైబ్రరీ బల్ల దగ్గరే ఉంది.

నేను నలుపేనండి. ఆ మాట ఆయనతో అనలేక ఇంటికొచ్చి కాగితానికి చెప్పుకుంటున్నాను. కింద నాలుగు వేళ్ళ చోటుంది, మీరేమంటారో రాయండి. రేపు ఇచ్చేసి, ఎవరైనా రాశారేమో చూడటానికి కొన్నాళ్ళకి మళ్ళీ ఈ పుస్తకమే తీసుకుంటాను.