ఆడ అన్న మాట

బేకరీ ముందు నుంచి నడుస్తున్నప్పుడు ఈస్టూ, ఉడికే బెల్లమూ కలిసిన వాసన వచ్చిందంటే నా అడుగు ఆగిపోతుంది. అందరికీ అది బన్నుల వాసన. నాకు మాత్రం తొంభైలలో మద్రాసులో మేం పండు ఈగలకు మేత వండిన గది, అందులో కొంగు నడుముకు దోపుకుని గంటె తిప్పే రుక్మిణి మేడం.

ఆవిడ నా పరిశోధనకు గైడు. వాళ్ల పెద్దలు చింతాద్రిపేటలో మగ్గం నేసినవాళ్లు. నేను తెనాలి నుంచి వెళ్లినదాన్ని. ఆవిడ మద్రాసు తెలుగు నాకు సగం అర్థమయ్యేది, మిగతా సగానికి అర్థమైనట్టు తలూపేదాన్ని. ఆ తలూపుడే కొంప ముంచింది.

ఆడ ఈగకు ఎక్స్ క్రోమోజోములు రెండు, మగదానికి ఒకటే. ఆ ఒక్కటే రెండింటి పని చెయ్యాలి. అందుకని మగవాటిలో కొన్ని ప్రొటీన్లు ఆ ఎక్స్ మీద చేరి, అక్కడ బిగుసుకుని ఉన్న డీఎన్ఏ చుట్టను, అంటే క్రోమాటిన్‌ను సడలిస్తాయి. అప్పుడు దాని మీది జన్యువులు రెట్టింపు పనిచేస్తాయి. మొదటి రోజు ఇదేదీ నా బుర్రకెక్కలేదు.

"నూలు బిగిచ్చి చుట్టినావనుకో, పోగు రాదు మా. వదులుగా ఉంటేనే లాగనొచ్చేది. అంతే," అన్నారు. నా విద్యార్థులకు ఇప్పటికీ అదే చెబుతాను.

ఒకరోజు ఆవిడ ఈగల పిల్లపురుగులను ఆడా మగా వేరుచేసి రెండు సీసాల్లో పెట్టారు. చీటీలు అంటించే తీరిక లేక, క్లాసుకు పరుగెడుతూ కిటికీ వైపు చెయ్యి ఊపారు. "ఆడ ఉండేటివి ముందు చెయ్యి. ఈడ ఉండేటివి రేపు చూస్తాం."

ఆవిడ భాషలో ‘ఆడ’ అంటే అక్కడ. నేను ఆడపురుగులనుకుని, కిటికీ దగ్గరి సీసాకు ‘ఆడ’ అని చీటీ అంటించాను. అందులో ఉన్నవి మగవి.

ఆ ప్రొటీన్‌కు అంటుకునే రంగు వేసి చూస్తే ఎక్స్ మెరిసింది. ఆడవాటిలో ఉండకూడని ప్రొటీన్ ఆడవాటిలో! ఆ నెల సదస్సులో ఆవిడ చేయబోయే ప్రసంగమే మారిపోయింది. రెండు నెలల్లో ముగియబోయే నా ఫెలోషిప్పును పొడిగించమని సిఫారసు కూడా రాశారు. నిజానికి ఆ ఎక్స్, మగవాటిలో ఉన్నట్టే, పాలిపోయి ఉబ్బినట్టు ఉండడం నేను మొదటి స్లైడులోనే చూశాను. ఇవి మగవేమోనని అనుమానం వచ్చింది. అయినా ఆవిడకు చెప్పలేదు. ఊరికి తిరిగిపోవాల్సి వస్తుందేమోనని భయం.

సదస్సుకు ముందురోజు ఆవిడే స్వయంగా మళ్లీ చేసి చూశారు. ఆడవాటిలో మెరుపు లేదు. నన్ను పిలిచారు.

"ఆ పొద్దు నేను ఏం చెప్తిని నీకు?"

"ఆడవి ముందు చెయ్యమన్నారు మేడం."

ఆవిడ పకపకా నవ్వారు. అంతలోనే నవ్వు ఆగిపోయింది. "అయ్యో, ఆడ అంటే ఆడమ్మా!" అని కిటికీ చూపించారు. "సరి, నా మాటే కదా. తప్పు నాది." తర్వాత మెల్లగా అడిగారు. "స్లైడు చూసేటప్పుడు నీకు డౌటు రాలేదా?"

"రాలేదు," అన్నాను.

మర్నాడు ఆవిడ వేదికెక్కి, సదస్సు పుస్తకంలో అప్పటికే అచ్చయిన తమ ఫలితం తప్పని, తాను సరిగా చెప్పకపోవడం వల్లే జరిగిందని, అమ్మాయి దోషం ఏమీ లేదని చెప్పి క్షమించమన్నారు. ముందు వరుసలో ఎవరో నవ్వారు. నేను వెనక తలదించుకుని కూర్చున్నాను. సిఫారసును ఆవిడ వెనక్కి తీసుకోలేదు. దాంతోనే నా డాక్టరేటు పూర్తయింది.

నిరుడు ఆవిడ పోయారు. నా లాబ్‌లో ఏ పిల్లయినా నీళ్లు నములుతుంటే కోప్పడను. ఎదురుగా కూర్చోబెట్టుకుని, మనసులో ఉన్నది చెప్పేదాకా ఆగుతాను. ‘ఆడ’ అన్న మాటకు ఆవిడ అంతమంది ముందు క్షమాపణ చెప్పారు. ‘రాలేదు’ అన్న మాటకు నేను ఆవిడ ఒక్కరికైనా చెప్పలేకపోయాను.