నిద్రపుచ్చి లేపిన డాక్టరమ్మ

మా మత్తు డాక్టరమ్మ పోయారు. మొన్న అరకు సంతలో అల్లం బేరమాడుతుంటే, ఆసుపత్రిలో పనిచేసే ఆయా ఎదురొచ్చి చెప్పింది. ఉద్యోగం నుంచి దిగిపోయాక విజయనగరంలో ఉంటున్నారు కదా, అక్కడే గుండె ఆగిపోయిందట. సంత మధ్యలో నిలబడి ఏడ్చేశాను. బేరంలో గొంతు చించుకునే మనిషిని అలా ఏడుస్తుంటే అల్లం ముసలమ్మ కంగారుపడిపోయి, "పోనీలే, నువ్వడిగిన దరకే అట్టుకెల్లే" అంది.

మత్తు డాక్టరమ్మ అంటే ఆపరేషన్లకి మత్తు ఇచ్చే ఆవిడ. ఊపిరాడని వాళ్ళకి గొంతులో గొట్టం వేసి, గాలి మిషను పెట్టి, ఆ బాధ తెలియకుండా నిద్రపుచ్చేదీ ఆవిడే. నాకు ముందు ఆవిడ గొంతు తెలుసు, ముఖం తరవాత తెలిసింది. ఎలాగో చెబుతాను.

అవి మా కొండోళ్ళ వేట పండగ, ఇటుకల పండగ రోజులు. మగవాళ్ళు వేటకెళ్ళారు, మేం దారికడ్డంగా వెదురు కట్టి వచ్చేపోయే వాళ్ళని డబ్బులడిగాం, పాటలు, ఆటలు, ఇంటింటా జీలుగు కల్లు. అలిసిపోయి నేల మీదే పడుకున్నాను. తెల్లారేసరికి కడుపులో నొప్పి, రెప్పలు పైకి లేవవు, నాలుక మడతపడిపోతోంది. "టీచరమ్మకి కల్లు ఎక్కువైపోనాది" అని వాకిట్లో ఒకటే నవ్వులు. మా ఆయనా నవ్వాడు. నేను అంగన్‌వాడీ టీచర్ని, మూయమన్నా నోరు మూసే దాన్ని కాదు. ఒక్క గుక్క కూడా తాగలేదని చెప్పుకోవడానికి ఆ నోరే రాలేదు. పండగ కాకపోతే ఎవరికైనా అనుమానం వచ్చేదేమో. నిద్రలో కరిచింది కట్లపామని తరవాత తెలిసింది, అది కరిస్తే గాటు కూడా సరిగ్గా కనబడదు. ఉమ్మి మింగలేక పెదవి పక్క నుంచి కారుతుంటే అప్పుడు మా అత్త కేకపెట్టింది. బైకు అంబులెన్సులో ఇద్దరి మధ్యన కూర్చోబెట్టి కొండ దింపారు.

ఆసుపత్రిలో గొట్టం వేశారన్నది మసగ్గా తెలుసు. ఆ తరవాత చెవులు మాత్రం శుభ్రంగా పనిచేశాయి. ఒంట్లో ఇంకేదీ కదల్లేదు. ఎవరో రెప్ప ఎత్తి లైటు వేసి, "కంటిపాప కదలడం లేదు" అన్నారు. అంతే, మా ఆయన పెదనాన్న తేల్చేశాడు. ఆయన మా ఊరి పెద్దమనిషి.

"ఇంకేటుంది? ఊపిరుండగానే ఊరికి అట్టుకెల్లిపోదాం. మన మట్టి మీద పోవాల."

మా వైపు అది పెద్ద పట్టింపు. కొండ కింద చచ్చిపోయినవాళ్ళకి ఊరి మట్టిలో చోటు ఉండదని భయం. కానీ గొట్టం తీస్తే నేను దారిలోనే పోతాను. మా అత్త ఏడుస్తోంది. మా ఆయన మాట్లాడడం లేదు. లోపల్నుంచి నేను అరుస్తున్నాను, "సచ్చినోడా, వద్దని చెప్పరా!" అని. ఎవరికి వినబడుతుంది?

అప్పుడు వినబడింది ఆవిడ గొంతు. "ఆ అమ్మ ముందర అలాటి మాటలు ఆడకండి. వింటాది."

తరవాత నాతో అన్నారు. "తల్లీ, నీ నుదుటి మీద సెయ్యి ఏత్తన్నాను." చెప్పాకే చెయ్యి పడింది, వెచ్చగా. "నిన్ను కట్లపాము కరిసింది. విషం ఒళ్ళంతా కట్టేసింది గానీ నువ్వు సచ్చిపోలేదు. మందు ఎక్కిత్తన్నాం. విషం దిగేదాకా ఈ మిషను నీకు ఊపిరి పోత్తాది. నీ మొగుడు నీ కాళ్ళకాడే ఉన్నాడు. కుడికాలి బొటనవేలు కదుపు, సూద్దాం."

ఉన్న ప్రాణమంతా ఆ వేలికి పంపాను. కాఫీ బస్తా నెత్తిన పెట్టుకుని ఘాటీ ఎక్కడం దానికన్నా సులువు. కదిలిందో లేదో నాకు తెలీదు. మా ఆయన అరుపు మాత్రం వినబడింది. "కదిలింది! పెదనాన్నా, కదిలింది! నేనట్టుకెల్లను!"

"విన్నావు కదా" అన్నారు డాక్టరమ్మ. "ఇంక నీకు మత్తు ఇత్తాను. గొట్టం బాద తెలీకుండా పడుకో. పొద్దున నేనే లేపుతాను."

చచ్చిపోతానన్న భయం లేకుండా నిద్రపోయాను. అన్నట్టే రోజూ పొద్దున్న మత్తు తగ్గించి, పేరు పెట్టి పిలిచి, మా పిల్ల అన్నం తిన్నదనీ, ఊళ్ళో వాన పడిందనీ కబుర్లు చెప్పేవారు. ఓ పొద్దున నా రెప్పలు కొంచెం లేచాయి. పొట్టి మనిషి, పెద్ద కళ్ళద్దాలు. ఇంత గొంతు ఈవిడదా అనుకున్నాను.

బాగయ్యాక కాఫీ గింజలు పట్టుకుని ఏడాదికోసారి ఆవిడ దగ్గరికి వెళ్ళేదాన్ని. చలికాలంలో టీ గ్లాసు రెండు చేతులతో పట్టుకుని తిరిగేవారు. తాగడానికి కాదు, చేతులు వెచ్చబెట్టుకోవడానికి. ఆ చేతులతో వార్డులోకి వెళితే, టీ బల్ల మీద చల్లారిపోయేది. చెప్పకుండా రోగి మీద చెయ్యి వేసిన కుర్ర డాక్టర్లకి మాత్రం మూడిందే. "మత్తులో ఉంటే మనిషి కాదేటి? తలుపు తీసుంటే పరాయి ఇంట్లోకి ఎల్లిపోతావా?" అని దులిపేసేవారు. "నిద్రపుచ్చీడం ఏముందిరా, లేపడమే మన పని" అనేది ఆవిడ మాట.

ఒకసారి ఉండబట్టలేక అడిగేశాను. "అమ్మా, ఆ రోజు నా వేలు నిజంగా కదిలిందా?"

"నేను సూడలేదే గుంటా" అని నవ్వారు. "నేను సూసింది నీ మొగుడి మొకం. ఆడు ఉంటాడా, నిన్నట్టుకెల్లిపోతాడా అని."

"మరి కదలకపోయి ఉంటే?"

"ఆడికి కనబడింది కదే!"

ఇంటికొచ్చి చెబితే మా ఆయనకి కోపం వచ్చింది. కదిలింది, నా కళ్ళతో చూశానని పోట్లాడాడు. ఆ పట్టుదల వల్లే నేను ఇప్పటికీ బతికున్నాను.

మొన్న సంత నుంచి వచ్చి, డాక్టరమ్మ పోయారని చెప్పాను. కాఫీ తోటలోంచి అప్పుడే వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పక్కన కూర్చున్న నా కుడికాలు లాక్కుని ఒళ్ళో పెట్టుకున్నాడు. "అత్త చూస్తే బాగోదు, వదులు" అన్నాను. వదల్లేదు. బొటనవేలు గుప్పిట్లో పట్టుకుని, చీకటి పడేదాకా అలాగే కూర్చున్నాడు.