మీసాల చేపకు వేసిన రాళ్ళు

కుందలహళ్ళిలో అద్దె ఇంట్లో దిగాక మా అమ్మాయి కోసం చేపల తొట్టి కొన్నాను. అడుగున పరచడానికి తను నీలం రాళ్ళు కావాలంది. కడుగుతున్నప్పుడే వాటి అంచు నా వేలిని గీరింది, పట్టించుకోలేదు. అందులో రెండు మీసాల చేపలు వదిలాం. అవి రోజంతా అడుగున మూతితో వెతుక్కుంటూ తిరిగేవి.

నెల తిరిగేసరికి ఒకదాని మీసాలు అరిగిపోయి మూతి పుండైంది. ఫోన్‌లో వీడియో తీసి వర్తూరులో చేపల అంగడాయనకు చూపించాను.

"ఇది అడుగు తవ్వే చేప కదప్పా. ఆ రాళ్ళు మూతిని కోస్తా ఉండాయి. సన్న ఇసుక వేయల్ల," అన్నాడు.

"మందేమైనా ఉందా?"

"నీళ్ళు శుభ్రంగా పెట్టు. మేత తింటే బతుకుతాది. అంతకు మించి మన చేతిలో లేదు."

ఆ సాయంత్రమే చేపల్ని బకెట్లోకి మార్చి, రాళ్ళన్నీ తీసేసి, ఇసుక కడిగి పరిచాను. బాగున్న చేప వెంటనే ఇసుకలో మూతి దూర్చింది. రెండోది మేత దాకా వచ్చి, మూతికి తగలగానే వెనక్కి జరిగేది. మేత నానబెట్టి, మెత్తగా నలిపి వేసినా అంతే.

"మనం తినిపించలేమా నాన్నా?" అని అడిగింది అమ్మాయి.

"లేమమ్మా," అన్నాను.

నాలుగో రోజు పొద్దున అది ఇసుక మీద పక్కకు ఒరిగి ఉంది. నేను వలతో తీస్తుంటే అమ్మాయి మిగిలిన చేప తింటోందో లేదో చూస్తూ నిలబడింది.