నోరున్న విద్య

నడిగూడెం దాపున ఉన్న ఆ పల్లెలో రామనర్సయ్యను గొర్రెల కాపరిగా ఎరిగినవారి కంటె కర్రసాము గురువుగా ఎరిగినవారే ఎక్కువ. పొద్దున మందను తోలుకొని పోయేటప్పుడు ఆయన భుజం మీద ఒక కర్ర ఉండేది. సాయంకాలం వాకిట్లో పిల్లలకు విద్య నేర్పేటప్పుడు చేతిలో వేరొక కర్ర ఉండేది. మొదటిదానితో తుమ్మకొమ్మలు వంచేవాడు, కుక్కలను అదిలించేవాడు. రెండవదానికి ఆముదం రాసి, ఇంటి దూలానికి కట్టిన తాళ్లలో పండబెట్టి, నేల తగలనిచ్చేవాడు కాదు. ఎవరైనా తెలియక ఆ రెండింటిని తారుమారు చేశారో, ఆ పూట ఆయనకు అన్నం సహించేది కాదు.

ఆ విద్యకు ఆయన గురువు పెట్టిపోయిన కట్టుబాట్లు కొన్ని ఉన్నవి. ఎదుటివానికి మొక్కి గాని కర్ర ఎత్తరాదు. ఎత్తిన తరువాత వెన్ను చూపరాదు. అన్నిటికంటె ముఖ్యంగా, నోరు మెదపరాదు. "నోరు లేసిందా, ఊపిరి పోయింది. ఊపిరి పోయిందా, ఇగ కర్ర పోయినట్టే" అనేవాడు రామనర్సయ్య. దెబ్బ తగిలినా పిల్లలు పండ్లు బిగబట్టవలసినదే. కర్ర గాలిని కోసే చప్పుడు కాక మరొక చప్పుడు వినబడితే, ఆనాటికి సాము ముగిసినట్లే.

లేకలేక కలిగిన కూతురు గోపిక ఆ నిశ్శబ్దంలోనే పెరిగింది. అడుగులు వేయడం వచ్చిన నాటి నుండి తండ్రి కర్రకు తన పుల్లను ఆనించి ఆడింది. పెద్దయ్యాక పెద్దగట్టు జాతరలో భేరీల మోత నడుమ ఆ పిల్ల కర్ర తిప్పుతుంటే, చూసినవారు నోరు వెళ్లబెట్టేవారు. రామనర్సయ్య మాత్రం మీసం చాటున నవ్వు దాచుకొని ఆకాశం వైపు చూసేవాడు.

కోదాడలో డిగ్రీ చదువుతున్న గోపిక ఒకనాటి సాయంకాలం చెప్పులకు దుమ్ము కొట్టుకొని ఇల్లు చేరింది. తన స్టేజీ రాకముందే బస్సు దిగిపోయి, పొలాల గట్ల వెంట నడిచివచ్చిందట. అడిగితే తలనొప్పి అన్నది. మరునాడు కాలేజీకి పోలేదు. ఆ మరునాడూ పోలేదు. తల్లి రేణుకమ్మ బిడ్డ తలకు నూనె అంటుతూ, చిక్కు తీసినట్లు ఒక్కొక్క మాటే బయటికి తీసింది. తీసిన మాటను మోయలేక దొడ్డిలో ఉన్న భర్త దగ్గరకు వచ్చింది.

"బస్సుల కాలు మోప సందు లేదంట. ఎవడో ముదనష్టపోడు పిల్ల నడుం మీద చెయ్యేసిండంట. ఇది జర పక్కకు జరిగిందంట. వాడూ జరిగిండంట."

రామనర్సయ్య చేతిలోని మేతకట్ట జారవిడిచి ఇంట్లో కర్ర ఉన్న దూలం వైపు నడిచాడు.

"ఎవన్ని కొడతవయ్యా? బస్సునా?" అన్నది రేణుకమ్మ.

"వాని చెయ్యి ఇరుస్త."

"గా చెయ్యి ఎవనిదో పిల్లకే తెల్వదు. ముందుగాల అదేమన్నదో ఇను. 'నాయిన నేర్పిన ఇద్దెకు నోరు లేదమ్మా' అన్నది. చేతుల కర్ర లేదు. మోచెయ్యి లేపుదమంటె జాగ లేదు. అరుద్దమంటె గొంతు పెగల్లేదంట. సాముల నిలబడ్డట్టే పండ్లు బిగవట్టుకొని నిలబడ్డదంట."

రామనర్సయ్య తాళ్లలోని కర్రను తాకబోయి చేయి వెనుకకు తీసుకొన్నాడు. ఆయన వీపు మీద, మోకాళ్ల మీద పాత కర్రదెబ్బల గుర్తులు అనేకం ఉన్నవి. వాటిలో ఏదీ ఇంత లోతుగా దిగలేదు.

కాలేజీలో శనివారం నాడు ఆడపిల్లలకు ఆత్మరక్షణ నేర్పడానికి మిర్యాలగూడ నుండి సువర్ణ అనే శిక్షకురాలు వచ్చేది. గోపిక ఇంటికి వచ్చి ఆ పాఠాలు చెబితే రామనర్సయ్య ఎన్నోమార్లు ఎగతాళి చేసినవాడే. "కాలు తొక్కుడు, ఏళ్లు వంచుడు, ఉరుకుడు! గిది గూడ ఇద్దెనా? మన మేకపిల్లకు ఎవలు నేర్పిన్రు?" అనేవాడు. ఆ నోటితోనే ఆయన శనివారం నాడు కూతురి మంచం దగ్గర నిలబడ్డాడు.

"బిడ్డా, ఆ మేడం కాడికి పోదమా?"

"నేను బస్సెక్క నాయినా."

"బస్సెందుకు? మన టీవీఎస్ లేదా?"

"ఇయ్యాలంటె తోల్కపోతవ్. దినాం పొద్దున దింపుడు, పొద్దుమూకి తెచ్చుడు నీతోని అయితదా? మందనెవరు కాస్తరు?"

బస్సెక్కితేనే చదువు. ఎక్కకుంటే చివరి ఏట చదువు వాకిట్లోనే ముగుస్తుంది. తండ్రీకూతుళ్లిద్దరికీ ఆ సంగతి తెలుసు. ఆ పూటకు మాత్రం బండి ఎక్కారు.

కాలేజీ మైదానంలో పిల్లలు వరుసగా నిలిచి ఉన్నారు. రామనర్సయ్య బస్సు సంగతి సువర్ణకు చెప్పి, తలపాగ సవరించుకొని గోడ నీడన కూర్చున్నాడు. ఒకరు మణికట్టు పట్టుకోవాలి, రెండవవారు "వదులు!" అని అరిచి, విడిపించుకొని పరుగెత్తాలి. పిల్లలు కిలకిల నవ్వుతూనే అరుస్తున్నారు. గోపిక వంతు వచ్చింది. పట్టిన చేతి నుండి ఆమె మణికట్టు నీటిలోని చేపవలె జారి బయటపడింది. కర్ర మలుపే అది, తండ్రి గుర్తుపట్టాడు. కాని పెదవులు విడలేదు, కాళ్లు కదలలేదు.

"చెయ్యి మస్తుగ తీసినవమ్మా. మరి నోరు?" అన్నది సువర్ణ. "నీకేమైందో పక్కసీట్ల కూసున్నామెకు ఎట్ల తెలుస్తది?"

రామనర్సయ్య లేచి వచ్చాడు. "మా సాముల నోరు మెదపొద్దమ్మా. పిల్లకు అదే అలవాటైంది."

"సాము తప్పని నేననను పెద్దయ్యా. కానీ సాముల ఎదుటోడు మొక్కి వస్తడు. బస్సులోడు మొక్కి రాడు గదా."

"అయితె పారిపొమ్మని నేర్పుతున్నవా?"

"ఇంటికి పొమ్మని నేర్పుతున్న."

ఆ మాట ఆయన లోపల ఎక్కడో కుదురుగా కూర్చున్నది. పొద్దుగూకి మంద దొడ్డికి చేరినప్పుడు, ఏ గొర్రె ఏ కుక్కను గెలిచి వచ్చిందని ఆయన ఏనాడూ అడగలేదు. వచ్చిందా లేదా అనే చూసుకొన్నాడు.

"పట్టుకునేటోన్ని నేనైత" అన్నాడు.

సువర్ణ తల ఊపింది. రామనర్సయ్య కూతురి మణికట్టు పట్టుకొన్నాడు. చిన్ననాడు కర్ర మీద వేళ్లు ఎట్లా చుట్టాలో చూపడానికి పట్టుకొన్న మణికట్టే అది.

"అరువు బిడ్డా."

"నీ మీదనా? నాతోని కాదు నాయినా." గోపిక కళ్లలో నీళ్లు నిండినవి.

"'వదులు' అన రాకుంటె వద్దుతియ్. నీ నోట ఎన్నడన్న గట్టిగ ఎల్లిన మాట లేదా? గదే అను."

గోపిక కళ్లు మూసుకొన్నది. అట్లాంటి మాట ఒక్కటే ఉన్నది. పెద్దగట్టు ఎక్కేటప్పుడు, తండ్రి భుజాల మీద కూర్చుండి, జనంతో కలిసి జాతర దేవుణ్ణి పిలుస్తూ గొంతు చిరిగేటట్లు అరిచిన మాట. ఆ గట్టు మీద మాత్రం నోరు మూసుకొమ్మని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"ఓ లింగా!"

మైదానం దద్దరిల్లింది. అటు వాలీబాల్ ఆడుతున్నవారు, గేటు దగ్గర కునికిపాట్లు పడుతున్న వాచ్‌మన్, గోడ అవతల జామకాయలమ్మే ముసలామె, అందరూ అలవాటున "ఓ లింగా!" అని మారుపలికి, ఎవరు పిలిచారా అని ఇటు తిరిగారు. అందరికంటె బిగ్గరగా పలికినవాడు రామనర్సయ్యే. పలకడంలో పట్టు సడలింది. గోపిక చేయి లాగుకొని గేటు వైపు పరుగు తీసింది.

"పట్టుకున్నోడే వంత పాడితె ఎట్ల పెద్దయ్యా!" అని సువర్ణ నడుము పట్టుకొని నవ్వింది.

రామనర్సయ్యకు ఆ మాట వినబడలేదు. వెన్ను చూపరాదని వేయిసార్లు చెప్పినవాడు, వెన్ను మీద జడ ఎగిరిపడేటట్లు పరుగెత్తిపోతున్న కూతురిని కన్నార్పక చూస్తున్నాడు. జనంలో కలిసేదాకా ఆగవద్దని శిక్షకురాలి మాట. గోపిక గేటు దాటినా ఆగలేదు.

ఆయన బండి మీద వెతుక్కొంటూ బస్టాండుకు పోయేసరికి, ఊరి బస్సు కిటికీలో నుండి కేక వినబడింది.

"నాయినా! గీడున్న!"

బస్సులోని వారంతా తొంగిచూశారు. గోపిక ముఖమంతా చెమట. కిటికీ కమ్మిని గట్టిగా పట్టుకొన్నది.

"దిగు బిడ్డా, బండి మీద పోదం."

"బస్సుల్నే వస్త."

"అయితె బస్సెంబడే నేనూ వస్త."

"ఎంబడి రాకు. నువ్వు ముందుగాల పో. నాకు ఆకలైతున్నదని అమ్మకు జెప్పు, అన్నం వండమను."

రామనర్సయ్య ఏదో అనబోయి, అనకుండానే బండి కదిలించాడు. వెనుక సీటు తేలికగా ఉన్నది. దారి పొడుగునా అద్దంలోకి చూడరాదనుకొన్నాడు, చూస్తూనే ఉన్నాడు. ఊరి స్టేజీ వచ్చింది. ఇంటి దారి పట్టవలసిన బండిని వేపచెట్టు కింద ఆపి, ఎవరికోసమూ కానట్లు కండువాతో దానిని తుడవసాగాడు.

బస్సు వచ్చి ఆగింది. గోపిక తన స్టేజీలోనే దిగింది.

"అమ్మకు జెప్పినవా?"

"ఇంటికి యాడ పోయిన బిడ్డా, గీడ్నే ఉన్న గదా" అన్నాడు రామనర్సయ్య, తుడిచిన చోటునే మళ్లీ తుడుస్తూ.